చెత్తబండి పాట

"చెవుల్ల సీసం పోసుకున్నవా గంగన్నా? బండి పాట పెట్టుకుంట గల్లీ అంత తిరిగిపాయె, నువ్వు గీడనే నిలవడితివి!" ఎల్లవ్వ ఒంటికాలి మీద లేచింది.

బట్టల మిల్లుల పేట బమ్రోలీలోని ఆ గల్లీలో చెత్త పెత్తనం ఎల్లవ్వది. ఆడవాళ్లంతా కమిటీ కట్టి ఆమెకు అప్పజెప్పారు. ఆమె నోటికి జడిసే సగం ఇళ్లు తడిచెత్త, పొడిచెత్త వేరు చేయడం నేర్చుకున్నాయి.

గంగారాం గుమ్మం ముందు రెండు బకెట్లతో నిలబడి ఉన్నాడు. ఒకదాంట్లో కూరగాయల తొక్కలు, ఇంకోదాంట్లో నూలు పీచు, కవర్లు. వంక పెట్టడానికి లేదు. అయినా నెలరోజులుగా ఆయన చెత్త బండెక్కడం లేదు, గల్లీ మూలన పడి ఉంటోంది.

"బండి ఇంక రాలే గద చెల్లే!" అన్నాడు గట్టిగా.

"పైంగ నా మీదనే గొంతు లేపుతున్నవా?"

అంతలో ఫైలు పట్టుకున్న మనిషి ఒకాయన బైక్ దిగి, ఇంటి నంబర్లు చూసుకుంటూ వచ్చాడు. మున్సిపాలిటీ సారు తనిఖీకి వచ్చేది ఈ రోజే. ఎల్లవ్వకు ఎక్కడలేని బలం వచ్చింది.

"జర ఇటు రాండ్రి సారూ! బండి రాలేదంటడు. ఈన అబద్ధం మీరే చూడుండ్రి!"

గంగారాం అటు తిరిగి బండి కోసం వీధి చివరికి చూస్తున్నాడు. ఎల్లవ్వ బకెట్ మూత లాక్కుని ఆయన చెవి వెనకే దబదబా బాదింది. పక్కింట్లో పసిపిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. గంగారాం రెప్పైనా వేయలేదు.

ఎల్లవ్వ బాదడం ఆపింది. ఎదురుగా వెళ్లి నిలబడింది. గంగారాం ఆమె ముఖం చూశాడు, చేతిలో మూత చూశాడు. సంగతి అర్థమై రెండు చేతులూ జోడించాడు.

"మిల్లుల సాంచెలు నడిపి నడిపి, ఆ మగ్గాల మోతకు చెవులు వొయినయి చెల్లే. ఎవ్వరికి చెప్పకు. మూడు నెలలసంది ఖాళీగున్న. కొత్త పని దొరికేటట్టున్నది. తెలిస్తే పెట్టుకోరు."

ఎల్లవ్వకు ప్రాణం చివుక్కుమంది. ఈ మనిషినా తను రోజూ నలుగురిలో కడిగేసింది! కళ్లొత్తుకుని ఫైలు మనిషి వైపు తిరిగింది.

"తప్పు నాదే సారూ. రేపటిసంది నేనే వచ్చి ఈన బకెట్లు తీస్కపోత. మున్సిపాలిటీల ఈన పేరు రాయకుండ్రి, మీ కాల్మొక్త."

ఆయన ఫైలు మూసేశాడు.

"నేను మున్సిపాలిటీ మనిషిని కాదమ్మా. సచిన్ ఏరియాల మా మిల్లుకు రాత్రి వాచ్‌మన్ కావాలంటే, గంగారాంను చూసిపోదామని వచ్చిన."