కొబ్బరినీళ్ళు

కొబ్బరికాయ కొట్టనిదే కొత్త యంత్రం అచ్చిరాదని జనగామలో అందరి నమ్మకం. 1988లో టైపు ఇన్‌స్టిట్యూటు రామ్మోహన్ కాయ కొట్టి, ఆ నీళ్ళు తన తొలి కంప్యూటర్ పెట్టె మీద భక్తిగా పోశాడు. స్విచ్చి వేయగానే అది టప్పున పేలి ఆగిపోయింది.

“నీ కాలు మంచిది గాదు, శశికళా. రేపటి సంది రాకు,” అన్నాడు రామ్మోహన్.

ఆ ఉదయమే ఉద్యోగంలో చేరిన శశికళ ప్లగ్గు పీకి, పెట్టె మూత విప్పింది. లోపల ఫ్యూజు మాడి ఉంది. అడుగున నీళ్ళు నిలిచాయి.

“గివి నా కాళ్ళు కడిగిన నీళ్ళా, సార్?”

తుడిచి, ఎండబెట్టి, సాయంత్రం కొత్త ఫ్యూజు వేసింది. తెర వెలిగింది.

“చూసినవా, దేవుడున్నడు,” అంటూ రామ్మోహన్ రెండో కాయ అందుకున్నాడు.

శశికళ మళ్ళీ ప్లగ్గు పీకి, చేతిలోనే పట్టుకుని నిలబడింది.

అతడు ఆ ప్లగ్గును కాసేపు చూసి, కాయ తీసుకెళ్ళి వాకిట్లో కొట్టాడు.

“రేపు జల్ది రా,” అన్నాడు, లోపలికి చూడకుండా.