ఉప్పుదిబ్బ మీది సీదీ

బుల్డోజరు ఆ రోజూ దిబ్బ కిందే ఆగిపోయింది. డ్రైవరు దిగాడు. చెప్పులు విడిచి, దిబ్బ మీది తెల్లటి గుమ్మటానికి సలాం చేసి, నీడలో కూర్చుని రొట్టె మూట విప్పాడు.

ఆఫీసు కిటికీలోంచి చూస్తున్న హాజీ మబ్రూక్‌కి ఒళ్ళు మండిపోయింది.

"వాడికి జీతమిచ్చేది నేనా, ఆ సీదీనా?"

"సీదీ అయితే జీతం ఇంత ఆలస్యం చేసేవాడు కాదు బాబా," అన్నాడు కొడుకు వజ్దీ.

హాజీ ఎదిగిన తీరు జర్జీస్ ఊరంతటికీ తెలుసు. మొదట సముద్రపు నీళ్ళు మడుల్లోకి మళ్ళించి ఉప్పు పండించాడు. ఉప్పులోంచి సోడా తీశాడు. సోడా తీస్తే ఘాటు గ్యాసు మిగిలింది. గాలికి వదిలితే ఊరు ఊరుకోదు. అందుకని దాంతో బట్టలు తెల్లబరిచే నీళ్ళు చేశాడు. అక్కణ్ణించి సబ్బు, గొట్టాలు, జిగురు, రంగులు. ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి వచ్చింది.

ఇప్పుడు గాలిమరల రెక్కలకి పనికొచ్చే రెసిన్ ప్లాంటు పెడదాం, వాటా కలుపుతామని జర్మన్లు వచ్చారు. స్థలం చూపించాలి. ఫ్యాక్టరీకి ఒక పక్క సముద్రం, ఒక పక్క రోడ్డు, ఇంకో పక్క సర్కారు ఆలివ్ తోట. మిగిలింది ఆ దిబ్బ ఒక్కటే. రంజాన్ లోపల చదును కాకపోతే ప్లాంటు స్ఫాక్స్ పట్నానికి పోతుంది.

దిబ్బ మీద ఉన్నది సీదీ బూమెల్హ్ దర్గా. సీదీ అంటే మహాత్ముడు, బూమెల్హ్ అంటే ఉప్పు బాబా. యాభై ఏళ్ళ కిందట ఒక ఫ్రెంచి కంపెనీ ఆ దిబ్బ కొని, హాజీ ఉప్పు మడుల పక్కనే పెద్ద ఫ్యాక్టరీ పెట్టబోయింది. సీదీ జోలికొస్తే ఊరుకోమని జనం అడ్డం పడ్డారు. ఫ్రెంచివాడు మూటాముల్లే సర్దుకున్నాడు. తరవాత దిబ్బ హాజీ చేతికొచ్చింది. దర్గా మాత్రం సీదీదే.

"నీ ఎదుగుదలంతా సీదీ చలవే," అని ఊళ్ళో పెద్దలు ఇప్పటికీ అంటారు. అన్నప్పుడల్లా హాజీ మొహం పక్కకి తిప్పుకుంటాడు.

దర్గాకి కాపలా, ఊరంతా అమ్మా అన్నట్టు లల్లా అని పిలిచే లల్లా సాసియా. ఆమె భర్త హాజీ ఉప్పు మడుల్లో తొలినాటి కూలీ. ఆయన పోయాక ఆమె దిబ్బ మీదే ఉండిపోయింది. కడుపు పండనివాళ్ళూ, మొగుళ్ళతో వేగలేనివాళ్ళూ గురువారం గురువారం అక్కడ చేరి, కొవ్వొత్తులు వెలిగించి, గుండెల్లో బరువు దించుకుని పోతారు.

"గొడవ తీరిపోయింది బాబా," అన్నాడు వజ్దీ. "ఇమాం ఒప్పుకున్నాడు. గోరీ తెరిచి, సీదీ ఎముకల్ని ఊరి ఖబరస్తానుకి మారుద్దామన్నాడు. లల్లా సాసియా కూడా సరేనంది. శుక్రవారం నమాజు కాగానే, ఊరందరి ముందూ, డప్పులు కూడా పెట్టిద్దామంది."

"ఒద్దు."

"ఏం ఒద్దు? డప్పులా?"

"గోరీ తెరవడం ఒద్దు."

వజ్దీ నెత్తి పట్టుకున్నాడు. "మరి ప్లాంటెక్కడ కట్టమంటావు, నా బుర్ర మీదా? జర్మన్లకి ఏం చెప్పను?"

"మహాత్ముల నిద్ర చెడగొడితే వంశం నిలవదురా."

"యాసిడ్ ట్యాంకుల మధ్య పక్కేసుకుని పడుకున్నవాడివి. చచ్చిపోయిన మనిషికి భయపడతావా?"

హాజీ కిటికీ వైపు తిరిగాడు. కొడుకు తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం హాజీ ఒక్కడే దిబ్బ ఎక్కాడు. మోకాళ్ళు పీకుతున్నాయి. లల్లా సాసియా గుమ్మం ముందు ఇసక ఊడుస్తోంది.

"లల్లా, నీకు ఊళ్ళో మంచి ఇల్లు కట్టిస్తా. తెరిచే తతంగం మానేసి, పైపైన చదును చేయిద్దాం. సీదీ కిందే హాయిగా ఉంటాడు."

"ఆయన నెత్తి మీద ఫ్యాక్టరీ పెడతావా? తెరవాల్సిందే హాజీ. ఎముకలు పన్నీటితో కడగాలి. కొత్త గుడ్డ చుట్టాలి. పదిమందీ చూసి కళ్ళకద్దుకోవాలి. ముందు వరసలో నువ్వే ఉండాలి. నీకంటే దగ్గరివాడెవడు ఆయనకి?"

హాజీ గొంతు తగ్గించాడు.

"పోనీ ఒక పని చెయ్యి. నీకు కలలో కనిపించాడని చెప్పు. గోరీ ముట్టుకోకుండా, ఇంకోచోట గుమ్మటం కట్టమన్నాడని చెప్పు."

"తోబా తోబా. సీదీల పేరు మీద అబద్ధాలాడేవాళ్ళకి ఏ గతి పడుతుందో, హజ్ చేసొచ్చినవాడివి, నేను చెప్పాలా నీకు?"

"అసలు నీకేం కావాలి?"

"నాకేం కావాలి? శుక్రవారం తెరవండి. లేదంటే ఆ బండిని తీసుకుపొమ్మను. గురువారం ఆడవాళ్ళొస్తారు. వాళ్ళకి ఇంకో చోటు లేదు."

హాజీ కింద ఉన్న తన గొట్టాలనీ, ట్యాంకులనీ, పొగనీ చూశాడు. ఇన్నేళ్ళు ఎవడూ ఆపలేని కంపెనీ ఈ గుప్పెడు మట్టి దగ్గర ఆగిపోయింది. జేబులోంచి ఫోను తీశాడు.

"స్ఫాక్స్‌లోనే కట్టుకోమను ఆ జర్మన్లని," అన్నాడు కొడుకుతో. అవతల వజ్దీ అరుస్తూనే ఉన్నాడు. హాజీ ఫోను పెట్టేశాడు.

కాసేపటికి బుల్డోజరు గుర్రుమంటూ వెనక్కి తిరిగింది. హాజీ గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు.

"పొద్దున తవ్వుకుపొమ్మని డప్పులదాకా వెళ్ళావు. ఇప్పుడేమో బండిని తీసుకుపొమ్మంటావు. ఇదేం భక్తి లల్లా?"

"భక్తి లేకేం హాజీ," అంది లల్లా సాసియా టీ గ్లాసు అందిస్తూ, "ఫ్రెంచివాణ్ణి బెదరగొట్టడానికి నువ్వు ఉత్త ఇసక మీద ఈ గోరీ లేపినప్పుడు, సున్నం కలిపింది మా ఆయనే కదా."