ఆదివారం కొత్త రూటు

"ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మొహానికి రుమాలు, చేతులకి గ్లవ్స్. సైకిల్ తొక్కడానికి ఇవన్నీ ఎందుకో చెప్తేగానీ నేను కదలను" అంది భానుశ్రీ, నల్లపాడు గేటు దగ్గర సైకిల్ ఆపేసి.

"సత్తెనపల్లి దాటాక చెప్తాను" అన్నాడు క్లబ్బు కెప్టెన్ సురేంద్ర.

ప్రతి ఆదివారం పెదకాకాని దాకా తొక్కి, ఇడ్లీ తిని తిరిగొచ్చే క్లబ్బు అది. ఇవాళ రూటు మారేసరికి పదిమందికీ ఒకటే ఆరాటం. షూటింగ్ అని ఒకరు, ఎవరిదో పెళ్ళిచూపులని ఇంకొకరు. సంగతేమిటో తెలుసుకోవాలన్న ఆత్రంతో దారి పొడుగునా ఒక్కరూ వెనకబడలేదు.

ఫోన్ చూపించిన డొంకలోకి తిరిగి, ఎర్రగా పండిన మిరప చేను ముందు సురేంద్ర దిగాడు.

"మా మామగారి చేను. మూడు రోజులుగా కూలీలు దొరకట్లేదు. మబ్బు చూశారుగా, ఈ కాయ తడిస్తే రంగు పోయి తాలైపోద్ది. కారు పెట్టుకుని సైకిల్ తొక్కే అల్లుడు ఎందుకు పనికొస్తాడని ఆయన ఊరంతా అంటున్నాడు. ఇవాళ నా పరువు మీ చేతుల్లో ఉంది."

"అంటే మమ్మల్ని కూలికి తోలుకొచ్చావా?" అంది భానుశ్రీ.

"టిఫిన్ కూడా తెప్పిస్తాను."

తిట్టుకుంటూనే అందరూ చేలోకి దిగారు. తుమ్ములు, దగ్గులు, నడుం నొప్పులు. అందరికంటే ఎక్కువ తిట్టిన భానుశ్రీయే అందరికంటే ఎక్కువ కోసింది. పదకొండయ్యేసరికి ఆరు గోతాలు నిండాయి. సురేంద్ర గర్వంగా మామగారు పిచ్చయ్యకి ఫోన్ కొట్టాడు.

పిచ్చయ్య మోపెడ్ మీద వచ్చాడు. గోతాలు చూశాడు. చేను చూశాడు. గట్టు మీద కూలబడ్డాడు.

"అల్లుడుగారూ, మన చేను ఈ పక్కది."

"మీరు పంపిన లొకేషనేగా మామయ్యా?"

"గట్టు మీద నిలబడి పంపానండీ. మీరు కోసింది జక్రయ్యది. ఈ గట్టు తగాదాతోనే మాకు పదేళ్ళుగా మాటల్లేవు."

అంతలో డొంకలో ఆటో ఆగింది. జక్రయ్య దిగాడు, వెనకే ఇంటిల్లిపాదీ దిగారు. ఆయన గోతాల వంక చూసి, నేరుగా పిచ్చయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏరా పిచ్చయ్యా, వాన ముంచుకొస్తుంటే నీ చేను అట్టా వదిలేసి ముందు నాది కోయించావంట్రా?" ఆయన గొంతు వణికింది. "మరి మేం మనుషులం కాదా?"

వెనక్కి తిరిగి తనవాళ్ళకి చెయ్యి ఊపాడు. అందరూ గట్టు దాటి పిచ్చయ్య చేలోకి దిగి కోతకి వంగారు.

పిచ్చయ్య కండువాతో కళ్ళు తుడుచుకుని, అల్లుడి చెవి దగ్గరకు వంగాడు.

"చేను తప్పారన్న సంగతి మాత్రం చచ్చినా ఎవరితో అనమాకండి."