మూడో జత ఇయర్‌ఫోన్లు

ఆ ఇంటి అత్తగారి చెవులంత సుకుమారమైనవి మరెక్కడా ఉండవు. మిక్సీ మోత పక్కనే కుర్చీ వేసుకుని కునుకు తీసిన చెవులే అవి. ఇయర్‌ఫోన్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మహారాణి చెవులైపోయాయి.

మొదటి జత గట్టి ప్లాస్టిక్కు. గంటకే లోపల గిల్లినట్టుందని తీసి పక్కన పడేసింది. రెండోది తీగ లేనిది. కూరగాయలు తరుగుతుంటే ఒకటి జారి గిన్నెలో పడింది.

"దీన్ని వెతకడానికి నాకింకో మనిషి కావాలి. మార్చెయ్యమ్మాయ్," అంది.

కోడలికి ముందు విసుగొచ్చింది, ఆ వెనకే అనుమానమొచ్చింది. ఫోనంటే ఆమడ దూరం జరిగే మనిషికి ఇప్పుడు అంతంతసేపు వినేందుకు ఏముందని?

ఆ ఫోను కోడలిదే. నెల క్రితం కొత్తది కొనుక్కుని, ఫొటోలన్నీ అందులోకి మార్చుకుని, పాతదాన్ని స్పిరిట్ దూదితో అద్దంలా తుడిచి మరీ అత్తగారికిచ్చింది. కోడలు పనిచేసేది మందుల షాపులో. శుభ్రంలో ఆమె తర్వాతే ఎవరైనా. జాగ్రత్తలోనూ అంతే. ఎవరైనా ఫోన్లో మందుల పేర్లు చెప్తే, పెట్టేశాక ఆ మాటలు ఫోన్లోనే మళ్లీ ఒకసారి విని గానీ పొట్లం కట్టదు.

అత్తగారు చెవుల్లో ఇయర్‌ఫోన్లతో వంటింటి గట్టు దగ్గర నిలబడి తనలో తాను నవ్వుకునేది. "అమ్మో, అంత మాటే!" అనేది. కోడలు గుమ్మంలోకి రాగానే ఫోను బోర్లా పెట్టేసేది.

"ఏం వింటున్నారత్తయ్యా?"

"ఏదో కథలే. ఒక అత్త, ఒక కోడలు. మామూలే."

కథా కాకరకాయా! ఆడపడుచుతో తన మీద చాడీలేనని కోడలు తేల్చేసుకుంది. పాత లెక్క ఒకటుంది మరి. రెండేళ్ల కిందట, షాపులో వేసుకునే తెల్ల కోటు వాషింగ్ మెషీన్లోంచి గులాబీ రంగులో బయటికొచ్చింది. "నీ ఎర్ర కర్చీఫే కొంప ముంచింది," అని అత్తగారు తీర్పిచ్చి, అదే మాట ఆడపడుచుకి ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజు అత్తగారి గది కిటికీకి ఎర్ర కర్టెన్ లేకపోవడం కోడలు చూసింది. అయినా, "అంతే అయ్యుంటుందిలెండి," అని ఊరుకుంది. అంటే, ఇంట్లో ఊరుకుంది, తన అక్క దగ్గర కాదు.

ఆ కోటు ఇంకా తలుపు వెనకే వేలాడుతోంది. వచ్చేవారం ఆడపడుచు వస్తోంది. ఆవిడ దిగేలోపు తన పరువు ఎంత మిగిలిందో తెలుసుకోవాలి. కుశలం అడిగే నెపంతో ఫోన్ చేసింది.

"అమ్మా? నాకు చేసి పది రోజులైంది వదినా. నేను చేసినా, మంచి పట్టులో ఉంది, తర్వాత మాట్లాడతానని పెట్టేస్తోంది."

ఆడపడుచు కాకపోతే మరెవరు?

దానికి తోడు అత్తగారి తీరే మారిపోయింది. పొద్దున్నే గదిలో లైటు వేసి "లేచావా?" అనడం మానేసింది. కోడలు సర్దిన డబ్బాలను మళ్లీ తన వరసలో సర్దడం మానేసింది. టీలో చక్కెర అడక్కుండానే తగ్గింది. ఒక సాయంత్రమైతే, "అలిసిపోయొచ్చావు, కాసేపు కూర్చో," అంది. కోడలు భయం భయంగా కుర్చీ అంచున కూర్చుంది.

"ఏవండీ, మీ అమ్మగారు నాతో మంచిగా ఉంటున్నారు."

"అయితే?"

"అయితే అంటారేమిటండీ! ఏదో జరుగుతోంది."

భర్త పేపరు తిప్పాడు. "అమ్మ సతాయించినా ఫిర్యాదే, సతాయించకపోయినా ఫిర్యాదేనా? మధ్యలో నన్నొదిలెయ్."

ఆదివారం అత్తగారిని తానే ఫోన్ల షాపుకి తీసుకెళ్లింది. చెవిలో పెట్టి చూసేటప్పుడు ఏదో ఒకటి వినక తప్పదు కదా, అప్పుడు దొరుకుతుంది.

"పాటలకా, మాటలకా?" అన్నాడు షాపతను.

"మాటలకే నాయనా. గుండె అదిరే మోతలొద్దు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఎవరేమన్నదీ విడివిడిగా తెలియాలి. మూడు గంటలున్నా చెవి నొప్పెట్టకూడదు. ధర విని మా కోడలు మొహం మాడ్చుకోకూడదు."

అతను తేలికపాటి జత ఒకటి తీసి, దాంతో వచ్చిన మూడు సైజుల రబ్బరు తొడుగుల్లో అన్నిటికన్నా చిన్నవి తగిలించాడు. "తీగ మెడ వెనకనుంచి తిప్పుకోండి, లాగదు. ధర కూడా తక్కువేనండీ."

అత్తగారు అటు తిరిగి ఫోన్లో ఏదో నొక్కింది. ముందు నవ్వింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసింది.

కోడలు ఇక ఉగ్గబట్టుకోలేకపోయింది.

"నా వెనకాల ఎవరితోనండీ ఈ మాటలు? నాలో ఏం లోపముందో నాతోనే చెప్పొచ్చుగా! రెండేళ్లయినా ఆ కోటు గొడవ వదలరా?"

షాపతను మర్యాదగా బిల్లు పుస్తకంలో తల దూర్చేశాడు.

అత్తగారు ఒక చెవిలోది మెల్లగా తీసి కోడలి చేతిలో పెట్టింది.

"ఇవి బావున్నాయి. ఇవే తీసుకుందాం," అని, కోడలి మొహంలోకి చూసింది. "మాట్లాడేది నేను కాదమ్మాయ్, నువ్వూ మీ అక్కా ఫోన్లో చెప్పుకున్నవన్నీ ఇందులో రికార్డయిపోయి ఉన్నాయి, వరసగా వింటూ ఇవాళే ఆ కోటు దగ్గరికొచ్చాను, ఆ రంగు నా కర్టెన్‌దే, తప్పు నాదే."