ఎదురు గది గంట

మంచం దిగి కాలు నేలకి ఆనించిందో లేదో, ఎదురు గదిలో గంట మోగింది.

నర్సు పరుగున వచ్చింది. వచ్చింది ఎదురు గదికే గానీ, కళ్లు ఇటు పడ్డాయి.

"టీచరమ్మగారూ! మళ్లీ ఒక్కరే లేచారా? లేవాలంటే గంట నొక్కమన్నానా లేదా?"

"ఊరికే చెప్పులు వెతుక్కుంటున్నానమ్మా."

"పడుకుని వెతుక్కోండి," అంటూ నర్సు ఆమె కాళ్లు ఎత్తి మంచం మీద పెట్టింది.

కుట్టు టీచరమ్మ తుంటి ఎముకకి ఆపరేషనై, మళ్లీ నడక నేర్చుకోవడానికి ఈ కేంద్రంలో చేరింది. పట్టుకునే మనిషి లేకుండా మంచం దిగకూడదన్నది ఇక్కడి మొదటి నియమం. నర్సులకి కనబడాలని గదుల తలుపులు పగలంతా బార్లా తెరిచే ఉంచుతారు.

"ఈ వారం పడకుండా ఉంటే ఆదివారం ఇంటికి పంపిస్తాను. పడ్డారో, కథ మళ్లీ మొదటికొస్తుంది," అన్నాడు డాక్టరు.

ఇంటికెళ్లాలని ఆమెకి ప్రాణం కొట్టుకుపోతోంది.

రోజూ సాయంత్రం భర్త వస్తాడు. ఓపిగ్గా ఆమె జుట్టు చిక్కు తీస్తాడు. జడ మాత్రం తాడు పేనినట్టు అల్లుతాడు.

"నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదోయ్. కుట్టు మిషను కూడా నా మీద అలిగింది."

"దాని జోలికెందుకెళ్లారు?"

"చొక్కా గుండీ ఊడింది. మిషను మీద కుడదామని..."

"గుండీ ఆ మిషను మీద కుడతారుటండీ ఎవరైనా!"

ఆమె పకపకా నవ్వింది. ఆయన వెళ్లిపోయాక, ఆదివారానికి ఇంకా ఎన్ని రోజులో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

అందుకే రహస్యంగా సాధన మొదలుపెట్టింది. ఆయన వచ్చే వేళకి గుమ్మం దాకా నడిచి తనే ఎదురెళ్లాలి. అప్పుడు ఆయన ముఖం చూడాలి. అంతే, అదొక్కటే కోరిక.

కానీ ఎదురు గది పెద్దాయన సాగనిస్తేగా!

పక్షవాతం వచ్చి మాట పోయిన మనిషి. కుడి చెయ్యి లేవదు. ఎడమ చేతికి అందేలా గంట మీట పెట్టారు. సరిగ్గా టీచరమ్మ లేచే వేళకే ఆయనకి ఏదో కావాల్సొస్తుంది.

"ఏం కావాలి తాతగారూ? నీళ్లా? దుప్పటా?"

"ఆ... ఆ..." అంటాడు. నీళ్లిస్తే తాగడు. దుప్పటి కప్పితే తోసేస్తాడు.

నర్సులు ఆయనకి 'గంటల తాత' అని పేరు పెట్టేశారు.

"మా బళ్లో ప్యూను కూడా ఇన్నిసార్లు గంట కొట్టేవాడు కాదమ్మా!" అంది టీచరమ్మ ఒకరోజు. "తల బద్దలైపోతోంది. ఆయన్నైనా మార్చండి, నన్నైనా మార్చండి."

నర్సులకీ విసుగొచ్చే ఉంది. ఆయన్ని చివరి గదికి మార్చారు.

చక్రాల కుర్చీలో వెళ్తూ ఆయన వెనక్కి తిరిగి తిరిగి ఆమె గది వైపే చూశాడు. చెయ్యి ఆడిస్తూ, "ఆ... ఆ..." అన్నాడు.

"ఇంకా నాతో తగువే!" అని ఆమె ముఖం తిప్పుకుంది.

శనివారం సాయంత్రం వరండాలో భర్త గొంతు వినబడింది. ఎవరితోనో హాస్యమాడుతున్నాడు.

టీచరమ్మ గబగబా లేచి కూర్చుంది. జడ ముందుకేసుకుంది. మంచం దిగింది.

ఒక అడుగు. ఇంకో అడుగు. ఎవరూ రాలేదు.

గుమ్మంలో ఆయన కనబడ్డాడు. ముఖం అచ్చం ఆమె అనుకున్నట్టే వెలిగింది.

ఆమె చెయ్యి చాచబోయింది. మేజోళ్లతోనే దిగిన కాలు నున్నటి నేల మీద సర్రున జారింది.

ఎముక మళ్లీ చిట్లింది. ఇంటి మాట ఇంకెవరూ ఎత్తలేదు.

మర్నాడంతా భర్త ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. టీచరమ్మ కళ్లు మాత్రం ఎదురు గదిలోని ఖాళీ మంచం మీదే ఉన్నాయి.

"సిస్టర్, ఆ పెద్దాయన్ని ఒక్కసారి ఇటు తీసుకొస్తావా?"

"ఇంకెక్కడి తాతగారమ్మా! పొద్దున్నే కూతురొచ్చి వాళ్ల ఊరు తీసుకెళ్లిపోయింది."

"ఆ చివరి గదిలోనూ మిమ్మల్ని అలాగే పరుగులు పెట్టించారా?"

"అదే మాకూ అర్థం కాలేదు," అంది నర్సు దుప్పటి సర్దుతూ. "అక్కడ ఎదురుగా ఒట్టి గోడేనమ్మా... ఆ గదికి వెళ్లాక ఆయన ఒక్కసారి కూడా గంట నొక్కలేదు."