ఆ కాలు ఊపకండీ

మా ఆయన దర్జీ. పగలంతా కుట్టుమిషను తొక్కిన కాళ్లు ఇంటికొచ్చినా ఊరుకోవు. భోంచేస్తున్నా, పడుకున్నా ఊగుతూనే ఉంటాయి. "ఆ కాలు ఊపకండీ, నాకు ఒళ్లు మండుతోంది" అని పెళ్లయినప్పటి నుంచీ నోరు నొప్పి పుట్టేలా మొత్తుకుంటున్నాను.

ఇప్పుడు ఆసుపత్రి మంచం మీద ఆ కాళ్లు కదలడం లేదు. గిల్లినా ఆయనకు తెలియడం లేదు.

ఆ మధ్య నేనే వెంటపడి ఆయనకు ఫ్లూ టీకా వేయించాను. ఆ వెనకే విరేచనాలు పట్టుకున్నాయి. అవి తగ్గాయనుకునేలోపు కాళ్లు తిమ్మిరెక్కి చచ్చుబడ్డాయి.

"టీకా వల్లేనా డాక్టరుగారూ?"

"అలా జరగడం చాలా అరుదమ్మా. విరేచనాల వల్లే అయ్యుంటుంది. ఆ క్రిమితో పోరాడుతూ ఒళ్లు పొరబడి సొంత నరాల మీదే పడింది. చాలామంది కోలుకుంటారు. ఓపిక పట్టాలి."

ఓపికట! నాకు కూర్చుంటే నిలబడాలనిపిస్తుంది, నిలబడితే వసారాలోకి వెళ్లాలనిపిస్తుంది. సర్దిన దుప్పటే మళ్లీ సర్దుతాను. డాక్టరు ఎంత చెప్పినా, "నువ్వే కదా వేయించావు" అని లోపల ఎవరో పొడుస్తూనే ఉన్నారు.

ఇవాళ కూడా మంచం చివర కూర్చుని, ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుని ఏదో ఆలోచిస్తున్నాను. కళ్లు మూసుకుని పడుకున్న మనిషి ఒక్కసారిగా విసుక్కున్నారు.

"అబ్బ, ఆ కాలు ఊపకే!"

కిందికి చూశాను. ఊగుతున్నది నా కాలే.

"మీకెలా తెలిసింది?"

"నువ్వు ఊపినప్పుడల్లా నా మడమలు జివ్వుమంటుంటే తెలీదా?"

ఆయన తిడుతూనే ఉన్నారు. నేను ఆపితే ఒట్టు.