ఊరికి వెళ్ళే గొట్టం

"ఆ ఒక్క గొట్టం జోలికి మాత్రం రాకు," అన్నాడు ఆపరేటర్ సిక్స్‌టెన్, కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి.

హిల్డా మౌస్ మీద నుంచి చెయ్యి తీసింది. ఆ కాగితపు గుజ్జు మిల్లు కంట్రోల్ రూములో కొత్త తెరలు పెట్టడానికి వచ్చిన డిజైనర్ ఆమె. పాత తెరల్లో ప్రతి గొట్టం బొమ్మలోనూ నీలం గీతలు చీమల బారులా పరుగెడుతుంటాయి. నీళ్ళు ఎటు పోతున్నాయో, ఎంత జోరుగా పోతున్నాయో వాటిని చూస్తే తెలిసిపోతుంది. కొత్త తెరల్లో గొట్టాలన్నీ బూడిద రంగులో ఉంటాయి. ఏదీ కదలదు. ఉదయం ఏడింటికి షిఫ్టు మారేలోగా పాతవి తీసెయ్యాలి.

"సిక్స్‌టెన్ గారూ, మీ మేనేజరే సంతకం పెట్టారు. రోజంతా నలభై గొట్టాలు కళ్ళముందు పరుగెడుతుంటే అసలు ప్రమాదం వచ్చినప్పుడు కంటికి ఆనదు. కదిలేదంటూ ఉంటే అది ప్రమాదమే అయ్యుండాలి."

"ముప్పై తొమ్మిదీ తీసెయ్. నేనేమన్నా అన్నానా?"

"ఈ ఒక్కదాంట్లో ఏముందండీ? పక్కనే అంకె ఉంటుంది. సెకనుకు ఎన్ని లీటర్లో చూసుకోవచ్చు."

"అంకెను చూస్తే మనిషి తెలియదమ్మాయ్."

హిల్డాకు ఆ మాట అర్థం కాలేదు. అది ఊరికి వెళ్ళే గొట్టం. మిల్లులో మిగిలిన వేడి నీళ్ళు దాంట్లోంచి అఖాతం చుట్టూ తొమ్మిది కిలోమీటర్లు వెళ్ళి ఊళ్ళో ఇళ్ళను వెచ్చగా ఉంచుతాయి. అంతకు మించి దానికి ఏ ప్రత్యేకతా లేదు.

సిక్స్‌టెన్ గడియారం చూశాడు. "రెండు నిమిషాలు ఆగు. ఆరింటికి అవతల, ఊళ్ళో, వాల్వు తెరుస్తారు. ఊరు నిద్రలేచే వేళ కదా."

కిటికీ అవతల ఇంకా చీకటిగానే ఉంది. ఆరయింది. గొట్టంలో గీతలు కాస్త వేగం అందుకున్నాయి. అంతలోనే నిదానించాయి, తలుపు తీయబోతూ లోపల ఎవరైనా నిద్రపోతున్నారేమోనని ఎవరో ఆగినట్టు. తరవాత మెల్లగా, ఎక్కడా కుదుపు లేకుండా, పూర్తి జోరుకు చేరుకున్నాయి.

సిక్స్‌టెన్ చేతిలో కాఫీ కప్పు అలాగే ఉండిపోయింది.

"గున్వర్," అన్నాడు. "మిగతావాళ్ళు ఒక్క ఊపున తెరిచేసేవాళ్ళు. గీతలు ఎగిరిపడేవి. ఈవిడొక్కతే ఇలా తెరుస్తుంది."

"మీ స్నేహితురాలా?"

"ఎప్పుడూ చూడలేదు. పదమూడేళ్ళు ఫోన్లో మాట్లాడుకున్నాం. వాల్వు ముట్టుకునే ముందు ఇక్కడికి ఫోన్ చెయ్యాలని అప్పట్లో రూలు. నీళ్ళ సంగతి అర నిమిషం, మిగతా సంగతులు పావుగంట. 'నీ చెయ్యి నాకు తెరమీద తెలిసిపోతుంది' అని ఒకసారి చెప్పాను. 'అయితే చూస్తూ ఉండు' అంది." అతను కప్పు కింద పెట్టాడు. "ఆరేళ్ళ కిందట మెషిన్లే మాట్లాడుకోవడం నేర్చాయి. మా ఫోన్ తీసేశారు."

"మీ జేబులో ఉన్నదేమిటి మరి?"

"ఏ మిష పెట్టుకుని చెయ్యమంటావ్?"

"పోనీ, బస్సు ఉందిగా. ఇరవై నిమిషాలు."

"బస్సెక్కడం వచ్చు. దిగాక ఏం చెప్పాలో అదే రాదు," అన్నాడు సిక్స్‌టెన్. మళ్ళీ తెరవైపు తిరిగాడు. "మనిషి మాత్రం మహా శ్రద్ధ గలది. నాలుగేళ్ళుగా చూస్తున్నాను, నేను డ్యూటీకి వచ్చిన ఏ పొద్దున చూసినా ఆవిడే. క్రిస్మస్ నాడు కూడా. ఒక్క రోజు సెలవు పెట్టదు."

హిల్డా తెరమీద గీతల్ని మళ్ళీ చూసింది. వేసవి వచ్చిందంటే దేశం మొత్తం తాళాలు వేసుకుని అడవుల్లోకీ సరస్సుల దగ్గరికీ పోతుంది. నాలుగేళ్ళు సెలవు లేకుండా ఉదయం ఆరింటికి వచ్చే మనిషి గురించి ఆమె ఇంతవరకూ వినలేదు.

"పంపులు చూసొస్తాను," అంటూ సిక్స్‌టెన్ హెల్మెట్ తీసుకున్నాడు. తలుపు దగ్గర ఆగాడు. "వచ్చేసరికి అది లేకపోతే, పోనీలే, నిన్నేమీ అనను. నీ ఉద్యోగం నీది."

అతని బూట్ల చప్పుడు మెట్లు దిగిపోయాక హిల్డా ఊళ్ళోని వేడి నీళ్ళ కేంద్రానికి ఫోన్ చేసింది. ఎవరో కుర్రగొంతు, మెల్కర్ అని పేరు చెప్పింది.

"మిల్లు నుంచి మాట్లాడుతున్నానండీ, తెరలు మారుస్తున్నాం. పొద్దున మీ వాల్వు తెరిచేది ఎవరు?"

"ఎవరూ తెరవరు. నాలుగేళ్ళుగా దానంతట అదే తెరుచుకుంటుంది."

హిల్డా కళ్ళు మూసుకుంది. మెట్లెక్కి వచ్చే మనిషికి ఈ మాట ఎలా చెప్పాలో తోచలేదు.

"మధ్యలో ఎందుకు ఆగుతుంది? ఏదైనా లోపమా?"

"కాదు. దాన్నలా పెట్టారు."

"మీ దగ్గర గున్వర్ అని ఒకావిడ ఉండేవారట..."

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"ఎవరడుగుతున్నారు?" అన్నాడు మెల్కర్. గొంతులో ఇందాకటి తేలికదనం లేదు.

"ఇక్కడి ఆపరేటర్ కోసం నేను అడుగుతున్నాను. సిక్స్‌టెన్ అని."

"ఆవిడ రిటైరయ్యారండీ. వెళ్ళేరోజు ఇంజినీరును పక్కన కూర్చోబెట్టుకుని, వాల్వు అచ్చం తను తెరిచినట్టే తెరుచుకునేలా చేయించి వెళ్ళారు. మిల్లు వైపు నుంచి ఎవరైనా తన గురించి అడిగేదాకా దాన్ని మార్చొద్దన్నారు," అన్నాడు మెల్కర్. "ఇన్నాళ్ళకు అడిగింది మీరేనండీ."